కొసరు వేసే చెయ్యి

సూర్యాపేట,
నవంబరు 1967

కెప్టెన్ నర్సింగరావు గారికి,

మీరు నాకు ఒక మాట ఇచ్చారు. సూర్యాపేట మోటారు స్టాండులో తెల్లవారి మొదటి బస్సు ఎక్కి ఇద్దరం కలిసి హైదరాబాదు పోదామని, బేగంపేటలో విమానం నడపడం నేర్చుకుందామని. నేను ట్రంకుపెట్టెతో వచ్చి కూర్చున్నాను. మొదటి బస్సు వెళ్లింది. ఆ తర్వాతి బస్సూ వెళ్లింది. చివరికి చాయ్ అమ్మేవాడు జాలిపడి, "పట్వారి కొడుకు కోసమా? నిన్న పొద్దుగూకంగనే లారీల పోయిండు గదా!" అన్నాడు. నిజాం ఏలుబడి నాటి సంగతి, ముప్పై ఏళ్లయింది. అప్పటి నుంచి మనకు మాటలు లేవు. ఇప్పుడూ స్నేహం కోసం రాయడం లేదు.

మా తమ్ముడు భిక్షమయ్య కొడుకు పురుషోత్తం మీ కంపెనీలో డకోటా విమానం మీద కో-పైలట్. కెప్టెన్ హోదా పరీక్షలో మీరు వాణ్ణి ఫెయిల్ చేశారు. అది మీ ఉద్యోగం, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఒక సంగతి మీకు తెలియదు. రెండోసారి కూడా తప్పితే ఉద్యోగం వదిలి మిర్యాలగూడ వచ్చి రైసుమిల్లులో కూర్చుంటానని భిక్షమయ్య వాడి చేత మాట తీసుకున్నాడు. వీడు తండ్రి మాట కాదనే రకం కాదు. ఆ గల్లాపెట్టె వెనక కూర్చుని, ఆకాశంలో చప్పుడు వినబడినప్పుడల్లా లేచి బయటికి వచ్చే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలుసు. చాలా ఏళ్లు ఆ మనిషిని నేనే. మా ఇంట్లో ఇంకొకణ్ణి అలా తయారు కానివ్వను.

దయ చూపమని అడగడం లేదు. నాకు చేసినదానికి బదులుగా వాణ్ణి పాస్ చేశారని తెలిస్తే బేగంపేట గేటు ముందు నిలబడి నేనే తిడతాను. నాకు కావలసింది ఒక్కటే: వాడి తప్పేమిటి? వాణ్ణి అడిగితే "ట్రిమ్, పెదనాయనా" అని తల వంచుకున్నాడు.

ట్రిమ్ అంటే ఏమిటో మా ఊరి లైబ్రరీకి నేను తెప్పించిన పుస్తకంలో చదివాను. తోక రెక్క అంచున చిన్న పలక ఉంటుంది. పైలటు పక్కనున్న చక్రం తిప్పితే అది వంగుతుంది, చేతి మీద భారం తగ్గుతుంది. అంటే అలసిన చేతికి విశ్రాంతి. మా వాడు ధాన్యం బస్తాలు ఎత్తి పెరిగినవాడు. అంత బలం ఉన్నవాడికి ఆ పలకతో పనేమిటి?

జవాబు రాయగలరు.

వెంకటనారాయణ

బేగంపేట,
డిసెంబరు 1967

ఒరేయ్ వెంకటనారాయణా,

మీరు, గారు, రాయగలరు! మీ ఇంటి జామచెట్టు ఎక్కి ఇద్దరం ఒకే కొమ్మ విరగ్గొట్టి పడ్డామురా. నీ ఉత్తరం చదివి మా ఆవిడ, "ఎవరండీ ఈ కలెక్టరు గారు?" అని అడిగింది.

నీ పుస్తకం సగం చెప్పింది. మిగతా సగం కాగితం మీద పెట్టడం కష్టం, అయినా ప్రయత్నిస్తాను.

డకోటా నేల మీద తోక వాల్చి, ముక్కు ఎత్తి కూర్చుంటుంది. రెండు ఇంజన్లకూ జోరు ఇస్తే ఎడమకు గుంజుతుంది, కుడికాలితో ఆపుతావు. అప్పటిదాకా ముక్కును ఎత్తీ దించే కంట్రోలు నీ చేతిలో ఖాళీ గోనెసంచిలా ఉంటుంది. పరుగు పెరిగిన కొద్దీ అందులోకి బరువు దిగుతుంది. ముందుకు నెడితే తోక లేస్తుంది. ఇంకాస్త పరుగెత్తాక రవ్వంత వెనక్కి లాగితే చాలు, నేల వదిలేస్తుంది. లాగడం కూడా కాదు, అడగడం అనుకో.

అసలు పని అక్కడి నుంచి. చక్రాలు ముడుచుకున్నాక వేగం పెరుగుతుంది. వేగం పెరిగిన కొద్దీ ముక్కు ఇంకా పైకి పోతానంటుంది. నువ్వు కంట్రోలును ముందుకు నొక్కి పట్టాలి. ఆ నొక్కుడు అరచేతిలో తెలుస్తూ ఉంటుంది. అప్పుడు ట్రిమ్ చక్రం ముందుకు తిప్పుతావు. తిప్పుతుంటే అరచేతిలో బరువు కరుగుతుంది. పూర్తిగా కరిగిన చోట ఆపాలి. తర్వాత ఇంజన్ల జోరు తగ్గిస్తే ముక్కు వాలుతుంది, మళ్లీ చక్రం, ఈసారి వెనక్కి. కుదిరిందంటే చేతులు తీసేసినా విమానం అదే వాలులో, అదే వేగంతో ఎక్కుతూ పోతుంది. బలం ఉన్నవాడే ఇక్కడ ముందు చెడిపోతాడు. భారం మోస్తూ ఉంటాడు, మోస్తున్నానన్న సంగతి మర్చిపోతాడు. ఇంకో పని మీదికి కన్ను పోగానే చెయ్యి సడలుతుంది, విమానం ఎగిరిపడుతుంది.

మీ వాడి తప్పు అది కాదు. వాడు మోయడు, ట్రిమ్ చేస్తాడు. బరువు కరిగే చోటు నాకన్నా ముందే వాడికి తెలుస్తుంది. అక్కడ చెయ్యి ఆగుతుంది. ఆగి, మళ్లీ ఇంకో రవ్వ తిప్పుతుంది. దాంతో ముక్కు వాలుతుంది. వెనక్కి తిప్పుతాడు, సరైన చోట ఆగుతాడు, మళ్లీ ఇంకో రవ్వ. ఎక్కుతున్నంతసేపూ విమానం లేస్తూ వాలుతూ ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్ల కడుపులో తిప్పుతుంది. కడుపు సంగతి పోనీ. నిండు బరువుతో లేచినప్పుడు ఒక ఇంజను ఆగిందనుకో, ఆ రవ్వే ప్రాణం తీస్తుంది. "ఎందుకు తిప్పుతున్నావు?" అని అడిగాను. "తెలవది సార్. చాల్లేదనిపిస్తది" అన్నాడు. ఇన్నేళ్లలో ఇలాంటి చెయ్యి నేను చూడలేదు. మళ్లీ పరీక్ష మార్చిలో. అప్పుడూ నేనే కూర్చుంటాను, చెయ్యి అలాగే ఉంటే మళ్లీ ఫెయిల్ చేస్తాను.

మాట తప్పిన సంగతి కూడా ఎత్తావు. తప్పింది ఎవరో నీకొకలా గుర్తుంది, నాకొకలా గుర్తుంది. ముందు పిల్లవాడి పని చూడు.

నర్సింగరావు

మిర్యాలగూడ,
జనవరి 1968

నర్సింగరావుకు,

'గారు' తీసేశాను. సంతోషపడకు. చనువు పెరిగి కాదు, గౌరవం తగ్గి.

పురుషోత్తం సెలవు మీద వచ్చాడని తెలిసి నేను మిర్యాలగూడ వచ్చాను. భిక్షమయ్య అప్పుడే వాణ్ణి మిల్లు ముందున్న దుకాణంలో కూర్చోబెట్టాడు, బియ్యం, నూకలు అమ్మే చోట. అలవాటు కావాలట. పరీక్ష కాకముందే కొడుకు కోసం కొత్త పరుపు కుట్టించాడు. నేను పక్కన కుర్చీ వేసుకుని నీ ఉత్తరం మళ్లీ చదువుతున్నాను.

తండా నుంచి మోతీబాయి అనే లంబాడీ ఆమె నూకలకు వచ్చింది. పురుషోత్తం తరాజు పళ్లెంలో నూకలు పోశాడు. ముల్లు ఊగి ఊగి నిలిచింది. వాడి చెయ్యి ఆగింది. తర్వాత ఎవరూ అడగకుండానే ఒక చారెడు తీసి పళ్లెంలో విసిరాడు. పళ్లెం ఆమె వైపు వాలింది. అప్పుడు గానీ "సంచి పట్టు" అనలేదు.

నేను లేచి నిలబడ్డాను. తర్వాతి బేరం చూశాను, ఆ తర్వాతిది చూశాను. ప్రతిసారీ అంతే. ముల్లు నిలిచిన చోటు వాడు కంటితో చూడడం లేదు, చేతికే తెలుస్తోంది. ఆగుతాడు. ఆగాక కొసరు వేస్తాడు.

మా కోమటిళ్లలో పలక కన్నా ముందు తరాజు పట్టిస్తారని నీకు తెలుసు. ముల్లు నిటారుగా నిలిచిన తూకాన్ని మా నాయన దొంగ తూకం అనేవాడు. నిలిచాక ఇంత కొసరు పడి, పళ్లెం కొనేవాడి వైపు మొగ్గితేనే అది తూకం, అప్పుడే దుకాణానికి పరువు. పురుషోత్తానికి అది నేర్పింది కూడా మా నాయనే, ఈ దుకాణంలోనే. వాడి చేతి మీద తన చెయ్యి పెట్టి నేర్పాడు. అందుకే వాడికి సమంగా నిలిచింది ఏదైనా తక్కువైనట్టే ఉంటుంది.

వాడు విమానానికి కొసరు వేస్తున్నాడు, నర్సింగరావ్.

వాడికి చెప్పాను. కాసేపు తన చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "మరి ఎట్ల పోతది పెదనాయనా ఇది?" అన్నాడు. ఎలా పోతుందో నాకు తెలియదు. పోగొడతాను.

వెంకటనారాయణ

బేగంపేట,
జనవరి 1968

వెంకటనారాయణా,

ఉత్తరం చదివి ఒక్కణ్ణే నవ్వాను, తర్వాత నవ్వలేదు. మీ నాయన దుకాణంలో బెల్లం కొసరు తిని పెరిగినవాణ్ణి. ఆ చెయ్యి నా పక్క సీట్లో కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

మాటలతో పోదు అది. కొసరు వేయాలనిపించినప్పుడు వేయకుండా కూర్చోవడం వాడి చేతికి అలవాటు కావాలి. చాల్లేదనిపిస్తూనే ఉంటుంది, అనిపించనీ. అలా అనిపిస్తుండగా చెయ్యి ఊరుకోవడమే వాడు నేర్చుకోవలసింది. ఎలా చేయిస్తావో నీ ఇష్టం. మీ తమ్ముడు ఊరుకుంటాడా?

నర్సింగరావు

మిర్యాలగూడ,
ఫిబ్రవరి 1968

నర్సింగరావుకు,

ఊరుకోలేదు.

పొద్దున దుకాణం తెరిచినప్పటి నుంచి మూసేదాకా తూకమంతా పురుషోత్తమే. ముల్లు నిలిచాక చెయ్యి ఒళ్లో పెట్టుకోవాలి. కొసరు లేదు. మొదటిరోజు వాడి వేళ్లు నూకల కుప్ప వైపు వాటంతటవే పోయేవి. నేను దగ్గేవాణ్ణి. చెయ్యి వెనక్కి వచ్చేది. ముఖానికి చెమటలు పట్టేవి, దొంగతనం చేస్తూ పట్టుబడినవాడిలా.

మోతీబాయి వచ్చింది. సంచి పట్టకుండా నిలబడింది.

"సేటూ, ముల్లు నిలవడ్డది. మరి నా కొసరేది?"

"ఇగ కొసరు లేదమ్మా."

"లేదా? నువ్వు విమానం తోల్తవంట గదా. గాడ గూడ గిట్లనే పిసినారితనం జేస్తవా?"

"గాడ జేస్తలేననే గీడ కూసోవెట్టిన్రు."

"నీ సదువు మన్నువడ! బుక్కెడు నూకల కాడ గింత సదువా? మీ తాత ఉంటే నీ శెయ్యి ఇరగ్గొడుతుండె."

వాడు చెయ్యి ఒళ్లోంచి తీయలేదు. ఆమె తిడుతూనే వెళ్లింది. అప్పటికి నేను వాడికి తెలియకుండా గడప బయట నూకల గంప పెట్టుకుని కూర్చుని ఉన్నాను. బయటికి వచ్చిన ప్రతివాళ్లకూ కొసరు నేనే వేశాను. నాయన పరువు నాకూ కావాలి. మోతీబాయి గంపలోకి, నా ముఖంలోకి చూసి, "మీ ఇంట్ల అందరికి పిచ్చి లేసిందా ముసలి సేటూ?" అని కొంగు పట్టింది.

వారం తిరగకుండా సంగతి బజారంతా పాకింది. భిక్షమయ్య మిల్లులోంచి ఊక దులుపుకుంటూ వచ్చాడు. దుకాణం నిండా మనుషులు.

"అన్నా, నాయిన వెట్టిన పేరు ఖతం జేస్తున్నవ్. బజార్ల తలెత్తుకోనిస్తలేవు."

"నీ కొడుకును కెప్టెన్ జేస్తున్న. అప్పుడెత్తుకో."

"ఎవడడిగిండు నిన్ను? వాడు గీడనే ఉంటడు. నాకు ఒక్కడే కొడుకు. గీ మిల్లు ఎవరు సూస్తరు?"

"ఉండడు."

"ఆనాడు నిన్ను ఆపినోణ్ణి, వీణ్ణి ఆపలేనా?"

అన్నాడు. నేను అడిగేలోపు తిరిగి మిల్లులోకి పోయి మోటారు వేయించాడు. ఆ చప్పుడులో ఏ మాటా వినపడదని వాడికి తెలుసు. ఆ రోజు నుంచి నా ఎదుట పడటం లేదు.

నన్ను ఎవరూ ఆపలేదు, నర్సింగరావ్. నేను స్టాండు దాకా వచ్చాను. తప్పింది ఎవరో నీకొకలా గుర్తుందని రాశావు. ఎలా గుర్తుందో రాయి. పరీక్ష అయ్యాకే రాయి. అంతవరకు మన తగాదా పిల్లవాడి మీద పడకూడదు.

వాడు రేపు బయలుదేరుతున్నాడు. నిన్న సాయంత్రం, ముల్లు నిలిచాక, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మామూలు ముఖంతో, "సంచి పట్టు" అన్నాడు.

వెంకటనారాయణ

బేగంపేట,
మార్చి 1968

వెంకటనారాయణా,

పాస్ అయ్యాడు. ముందు అది చదువుకుని మంచినీళ్లు తాగు.

దయ చూపలేదు. చూడదలచుకున్నవి అన్నీ చూశాను. వెనక సామాను అరలో ఇసుక బస్తాలు వేయించాను, తోక బరువెక్కాలని. లేచేటప్పుడు ముక్కు తనంతట తానే ఎగబోయింది. వాడు తొందరపడలేదు. ముందుకు నొక్కి పట్టాడు, చక్రం తిప్పాడు, బరువు కరిగింది, ఆపాడు. వేళ్లు చక్రం మీదే ఉన్నాయి. నేను వాటినే చూస్తున్నాను. కదలబోయాయి. కదలలేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పరీక్షలో అలా ఒళ్లో చెయ్యి పెట్టుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మామూలుగా అయితే కేకలేసేవాణ్ణి.

పైకి ఎక్కుతుండగా రేడియో ఆఫీసరును తోక దాకా నడిచి రమ్మన్నాను. డకోటాలో ఒక మనిషి వెనక్కి నడిస్తే ముందున్నవాడి చేతికి తెలుస్తుంది. ఆయన వెనక్కి పోతున్నకొద్దీ చక్రం ఒక్క పిసరు ముందుకు. తిరిగి వస్తుంటే అంతే వెనక్కి. "చేతులు తియ్యి" అన్నాను. తీశాడు. హుస్సేన్ సాగర్ మీది నుంచి మబ్బు దాకా ఎవరూ ముట్టుకోకుండా విమానం ఎక్కింది.

దిగాక, "చాల్లేదనిపించిందా?" అని అడిగాను. "ఇప్పటికీ అనిపిస్తది సార్" అన్నాడు. అప్పుడు సంతకం పెట్టాను.

ఇక నీ ప్రశ్న. ముందురోజు సాయంత్రం నేను మీ ఇంటికి వచ్చాను. మా నాయనకు తెలిసిన లారీ వస్తోంది, బస్సు కోసం ఆగకుండా ఇప్పుడే పోదామని నీకు చెప్పడానికి. భిక్షమయ్య గడపలో నిలబడి ఉన్నాడు. అప్పటికి మీసాలు కూడా రాలేదు. "అన్న రాడు. మనసు మార్చుకున్నడు. నీ మొకం సూడలేక లోపల కూసున్నడు. నువ్వు పో" అన్నాడు. అంతా నేర్చిపెట్టుకున్నట్టు చెప్పాడు. నాకు కోపం వచ్చింది, పోయాను. పిరికివాడివని ఇన్నేళ్లూ అనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలో ట్రంకుపెట్టె సంగతి చదివాకే అనుమానం వచ్చింది. పరీక్షకు ముందు చెబితే నువ్వు భిక్షమయ్యతో కొట్లాడతావు, పిల్లవాడు మధ్యలో నలుగుతాడని ఆగాను.

కాబట్టి నేను మాట తప్పలేదు. నీ లెక్క సరిచేసుకో.

వచ్చే నెల పురుషోత్తం కెప్టెన్ హోదాలో మొదటిసారి విజయవాడ పోతున్నాడు. నీకు టికెట్టు తీశాడు. రాకపోయావో, నేనే సూర్యాపేట వచ్చి ఎత్తుకుపోతాను.

నీ నర్సింగరావు

కోదాడ,
ఏప్రిల్ 1968

నర్సింగా,

విజయవాడలో దిగి బస్సు పట్టుకుని వస్తూ కోదాడలో మా మేనత్త కొడుకు అంజయ్య ఇంట్లో ఆగాను. సూర్యాపేట చేరేదాకా ఆగితే ఈ ఉత్తరం ఇంత సూటిగా రాయలేనేమో.

విమానంలో నా పక్కన ఒక పొగాకు వ్యాపారి. "మొదటిసారాండీ?" అన్నాడు. "చాలాసార్లు ఎక్కాను" అన్నాను. పుస్తకాల్లో అని చెప్పలేదు. "భయం లేదులెండి, డ్రైవరు మంచివాడైతే కడుపులో నీళ్లు కదలవు" అన్నాడు. డ్రైవరు మా వాడని కూడా చెప్పలేదు. దిగాక చెప్పాను. ఊరంతటికీ వినబడేట్టు చెప్పాను.

సీట్లు కొండవాలు మీద వేసినట్టున్నాయి. ఇంజన్లు గర్జించగానే వీపు సీటుకు అతుక్కుంది. తర్వాత నేను ఏ పుస్తకంలోనూ సరిగ్గా చదవనిది జరిగింది. పరుగు మధ్యలోనే, నేల వదలకముందే, తోక లేచి కాళ్ల కింద నేల చదునైంది. ఎవరో నన్ను మర్యాదగా లేపి కూర్చోబెట్టినట్టు. నేల వదిలింది ఎప్పుడో నాకు తెలియలేదు, కుదుపులు ఆగిపోయాయంతే. ముక్కు ఒక చోటికి లేచి అక్కడే ఉంది. ఇంజన్ల మోత తగ్గింది. ఇప్పుడు వాలుతుంది అనుకున్నాను. వాలలేదు. ఆ క్షణంలో వాడి చెయ్యి చక్రం మీద ఎక్కడ ఆగిందో నాకు కూర్చున్న చోటే తెలిసింది. ఎదుటి సీటు వెనక పట్టుకున్న నా చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే భూమి తన దారిన తాను కిందికి పోతోంది. నేను ఏడవలేదు. పొగాకు వ్యాపారి ఏమైనా చెబితే నమ్మకు.

భిక్షమయ్య బేగంపేట రాలేదు. కొత్త పరుపు మాత్రం మడిచి కొడుకు క్వార్టరుకు పంపాడు. ప్రయాణానికి ముందే మిర్యాలగూడ వెళ్లి తమ్ముణ్ణి ఆనాటి సంగతి అడిగాను. ఒప్పుకున్నాడు. "నువ్వు వోతే నాయిన దుకాణం నా ఒక్కని నెత్తిన వడ్తుండె అన్నా. భయమైంది" అన్నాడు. వాడి ఇంట్లో భోజనం చేయకుండా వచ్చేశాను. ఇక ముందూ చేయను. వాడు అబద్ధమాడాడు, నేను దాన్ని క్షమించలేదు.

అందుకని నీ లెక్క కొట్టేసి వాడి పేరున రాసుకుంటాననుకున్నావు. సరిచేసుకోమని కూడా రాశావు. చేసుకున్నాను, విను.

భిక్షమయ్య నాకు ఏ మాటా ఇవ్వలేదు. వాడు పిల్లవాడు, భయపడ్డాడు, అడ్డంగా నిలబడ్డాడు. మాట ఇచ్చింది నువ్వు. ఆ సాయంత్రం మా ఇంట్లో నేను కూర్చుని లేను. ట్రంకుపెట్టెకు తాళం పడక, దాని మీద ఎక్కి నిలబడి తొక్కుతున్నాను. గడపకూ నాకూ మధ్య ఒక్క గది. అక్కడి నుంచే "ఒరేయ్ వెంకటనారాయణా" అని ఒక్క కేక వేసి ఉంటే చెప్పులు కూడా లేకుండా లారీ ఎక్కేవాణ్ణి. నీకు కోపం వచ్చింది, పోయావు. విమానంలో ఒక మీటరు ముల్లు చూపించింది ఇంకో ముల్లు ఒప్పుకుంటే గానీ నమ్మని ఉద్యోగం చేశావు ఇన్నేళ్లూ. నా సంగతికి వచ్చేసరికి మీసాలు రాని పిల్లవాడి నోటి మాట చాలిందా? నన్ను పిరికివాడని నమ్మడానికి నీకు అంతకన్నా ఎక్కువ అవసరం లేకపోయిందా?

మా వాడికి నువ్వు చేసినది న్యాయం. దానికి నమస్కారం. వచ్చే నెల హైదరాబాదు వస్తాను, మీ ఇంట్లో తింటాను, నీ భార్యకు కలెక్టరును చూపిస్తాను. మళ్లీ విమానం ఎక్కిస్తానంటే ఎక్కుతాను. అవన్నీ వేరు.

ఎక్కవలసిన వయసులో నేను ఆకాశం ఎక్కలేదు. అందుకు ఎవరిదిరా తప్పు అని రేపు పురుషోత్తం అడిగినా, యముడు అడిగినా, నేను చెప్పే పేరు మా తమ్ముడిది కాదు. పట్వారి కొడుకు నర్సింగరావుది.

వెంకటనారాయణ